దుంగ మీద ఐదు రాళ్లు

తుఫాను చూడటానికి లండన్ నుంచి బయలుదేరిన జాస్పర్ గారు తుఫాను వల్ల రాలేకపోయారు.

మంగళవారం ఓడ నడవలేదు. బుధవారమూ నడవలేదు. స్కాట్లండ్ పక్కనున్న లూయిస్ దీవిలో గాలి ఇళ్ల రేకులు పీకి, కోళ్లగూళ్లు దొర్లించి, అలలు కొండరాళ్ల నెత్తికెక్కి కూర్చున్న ఆ రెండు రోజులూ ఆయన అవతలి ఒడ్డున ఓడరేవు హోటల్లో వేయించిన చేప తింటూ గడిపారు. మధ్యమధ్యలో తుఫాను ఎలా ఉందో కనుక్కోవడానికి డోలీనాకి ఫోను చేశారు.

"చాలా బాగుందండీ. మీరు లేని లోటే," అంది డోలీనా, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కిటికీకి బల్లచెక్క అడ్డంపెట్టి మేకు కొడుతూ.

డోలీనాకి యాభై ఎనిమిదేళ్లు. భర్త పోయి ఆరేళ్లయింది. గ్రినబోస్ట్ ఊరి చివర, సముద్రానికి ఎదురుగా ఆమె ఇల్లు. ఇంటి వెనక రేకుల కొట్టంలో కాళ్లతో తొక్కే మగ్గం ఉంది. దాని మీద ఉన్ని బట్ట నేసి మిల్లుకి పంపడం ఆమె బతుకు. చలికాలంలో మేడమీది గదిని అద్దెకిస్తుంది. ఒకప్పుడు జనవరిలో ఆ దీవికి వచ్చినవాణ్ని పిచ్చివాడనేవారు. ఇప్పుడు తుఫాను యాత్రికుడు అంటున్నారు. దుప్పట్లు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే సంఖ్యలో కావాలి.

బుధవారం రాత్రి గాలికి మగ్గం కొట్టం కొప్పుకింద దూలం పగిలింది. గురువారం తెల్లవారాక డోలీనా వెళ్లి చూసింది. పగులులో అరచెయ్యి పడుతోంది. రేకులు మగ్గం వైపు వంగి, ఆమె ఏం నేస్తోందో చూడ్డానికి వచ్చినట్టున్నాయి. మగ్గం మీద పడుగు సగం నేసి ఉంది. ఆదివారం రాత్రి దాటాక ఇంకో తుఫాను వస్తుందని రేడియో చెప్పింది. ఈసారిది పెద్దదట. ఆ దూలంతో ఆ గాలిని తట్టుకోవడం జరగని పని. రేకులు పోతే మగ్గం పోతుంది, మగ్గం పోతే డోలీనాకి మిగిలేది తుఫాను యాత్రికులే.

దూలం కావాలి. అదీ శనివారం లోపల కావాలి, ఎందుకంటే గ్రినబోస్ట్‌లో ఆదివారం ఎవరూ పని చెయ్యరు. ఆదివారం నాడు తాడు మీద ఒక్క చొక్కా ఆరేస్తే మూడు వారాలపాటు చర్చి బయట చెప్పుకోవడానికి అదే సరిపోతుంది. పట్నంలో కలప కొట్టువాడు, చెక్కంతా అవతలి ఒడ్డున ఆగిపోయిందనీ, వచ్చే బుధవారం ఓడలో వస్తుందనీ చెప్పాడు. చెట్టు నరుక్కుందామంటే ఆ దీవిలో చెట్లు లేవు. మొలిచినదాన్ని గొర్రె తింటుంది, గొర్రె కంట పడనిదాన్ని గాలి తింటుంది.

అలాంటి రోజున, తొమ్మిదింటి మసక వెలుతురులో, ఆమె ఒడ్డుకి దిగేసరికి సముద్రం ఒక దూలం తెచ్చి పడేసి ఉంది.

ఏదో సరుకు ఓడ మీంచి జారిపడ్డ పైన్ దుంగ. నాలుగు వైపులా చదునుగా, నున్నగా కోసి ఉంది. డోలీనా పక్కనే నడిచి కొలిచింది. ఏడు అంగలు. కొట్టం దూలమూ సరిగ్గా ఏడు అంగలే. తెప్పించుకున్నా ఇంత సరిగ్గా రాదు.

ఆ తీరంలో కొట్టుకొచ్చిన చెక్కకి చట్టం ఒక్కటే. అల వదిలిపోయిన నాచు గీత దాటించి పైకి లాగి, దాని మీద ఒక రాయి పెడితే అది నీది. ఏడాదికి తీసుకెళ్లినా నీదే. ఇంకొకరు చెయ్యి వెయ్యరు. తీరానికి ఉత్తరపు కొసన నార్మన్ అనే అతని దుంగ ఇప్పటికీ ఉంది. రాయి పెట్టిన మర్నాడే నార్మన్ గుండె ఆగి పోయాడు. ఆ రాయి ఎవరు తియ్యాలని ఊళ్లో ప్రశ్న వచ్చింది. "పెట్టినవాడే తియ్యాలి" అని తీర్పు చెప్పినవాడు డోలీనా తండ్రి. నార్మన్ ఇంతవరకూ రాలేదు. నలభై ఏడేళ్లలో దుంగ కుళ్లి, మెత్తబడి, రాయి దాంట్లోకి దిగి, గుడ్డు గూట్లో కూర్చున్నట్టు కూర్చుంది. ఆ తీర్పునాడు డోలీనాకి పదకొండేళ్లు. నాన్నని చూసి గర్వంతో ఛాతీ ఉబ్బిపోయింది.

ఆ గర్వమే ఇప్పుడు అడ్డం వచ్చింది. దుంగ మొత్తం నాచు గీతకి పైనే ఉంది, ఒక్క కొస తప్ప. కొస నాలుగు వేళ్ల మేర గీతకి కిందుంది. ఇంకెవరైనా అయితే నాలుగు వేళ్లు కళ్లకి కనపడేవి కావు. డోలీనా అప్పటికే నల్లటి రాయి ఒకటి, తెల్లటి చార ఉన్నది, ఏరి చేతిలో పట్టుకుంది. దుంగ మీద పెట్టబోయి, నాలుగు వేళ్లకేసి చూసి, రాయిని కోటు జేబులో వేసుకుని, ట్రాక్టరు కోసం వెళ్లింది.

ట్రాక్టరు ఆమె మరిది ఫిన్లేది. ఏ పని చెప్పినా రేపు చేద్దామంటాడు గనక ఊళ్లో అతన్ని రేపటి ఫిన్లే అంటారు.

"రేపు లాగుదాంలే వదినా. చెక్క ఎక్కడికి పోతుంది, కాళ్లున్నాయా?"

"మీ అన్న కూడా నీ ట్రాక్టరు మీద నమ్మకంతోనే పోయాడు. లే."

లేచాడు. అతను లేచాక ట్రాక్టరు లేవడానికి మధ్యాహ్నం రెండయింది.

ఈలోగా ఓడ నడిచింది. జాస్పర్ గారు ఒంటిగంటకి బస్సు దిగి, ఇంట్లో ఎవరూ లేకపోవడంతో సంచి గుమ్మంలో పెట్టి, నేరుగా ఒడ్డుకి వెళ్లారు. అక్కడ సముద్రం పాలగిన్నెలా ఉంది. ఎండ కూడా కాస్తోంది. ఇంత దూరం వచ్చినవాడికి ఇంతకంటే అన్యాయం ఉండదు. ఆ బాధలో ఆయనకి దుంగ కనపడింది. కొస ఒకటి ఫోటోలో వంకరగా వస్తోందని, ఒడ్డున దొరికిన పలకతో మీటి, ముప్పావుగంట చెమటోడ్చి, దాన్ని పైకి జరిపారు. ఆ తర్వాత ఐదు రాళ్లు ఏరి, పెద్దదాని మీద చిన్నదీ, చిన్నదాని మీద ఇంకా చిన్నదీ, గోపురంలా నిలబెట్టారు.

డోలీనా, ఫిన్లే, దారిలో కలిసిన టోర్కిల్ ముగ్గురూ వచ్చేసరికి ఆయన బోర్లా పడుకుని ఫోటోలు తీస్తున్నారు. టోర్కిల్ డోలీనా తండ్రికి పినతల్లి కొడుకు. రిటైరైన పోస్టుమాన్, చర్చి పెద్ద. అతను దుంగ చుట్టూ తిరిగి, నాచు గీత చూసి, రాళ్లు లెక్కపెట్టాడు.

"ఐదు," అన్నాడు.

"ఆయనకేం తెలుసు బాబాయ్. ఊరికే ఆటకి పెట్టాడు."

"గీత దాటించాడా?"

"దాటించాడు."

"రాయి పెట్టాడా?"

"పెట్టాడు."

"మనవాళ్లు ఒక్క రాయితో సరిపెడతారు. ఈయనకి మన మీద నమ్మకం తక్కువలా ఉంది," అన్నాడు టోర్కిల్. "ఏం చేస్తాంరా అమ్మాయ్. మీ నాన్న ఉంటే ఏమనేవాడో నీకు నేను చెప్పాలా."

ఫిన్లే అప్పుడే ట్రాక్టరు వెనక్కి తిప్పేశాడు. ఆ ఏడాదిలో అతను అంత చురుగ్గా చేసిన పని అదొక్కటే.

*

రాత్రి భోజనానికి డోలీనా చేప కంటే ముందు సంగతి వడ్డించింది. ఆ దుంగ తనకి కావాలనీ, ఆ రాళ్లు ఆయనే స్వయంగా తియ్యాలనీ, ఈ ఊరి పద్ధతి ఇదీ అనీ చెప్పింది. జాస్పర్ గారు ఫోర్కు కింద పెట్టేశారు.

"అంటే ఆ దుంగ ఇప్పుడు నాదా?"

"మీదే."

"చట్టప్రకారం?"

"మా చట్టం ప్రకారం."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. లండన్‌లో పదహారేళ్లుగా అద్దె ఇంట్లో ఉంటున్నారట. ప్రపంచంలో తనకంటూ స్థిరంగా ఒకటి ఉండటం ఇదే మొదటిసారట.

"తప్పకుండా మీకే ఇస్తాను డోలీనా గారూ. కానీ సోమవారం తర్వాత. తుఫాను వచ్చి, మొదటి అల ఆ రాళ్లని తీసుకెళ్లే క్షణం ఉందే, దాన్ని నేను వీడియో తియ్యాలి. ఆ రాళ్లు సముద్రానికి నా అర్పణ. నా చేత్తో తీస్తే దానికి అర్థం ఉండదు."

"మొదటి అల రాళ్లు తీసుకుంటే రెండోది దుంగ తీసుకెళ్తుంది. మూడోది వచ్చేలోగా నా కొట్టం ఉండదు. దూలం పగిలింది."

"నిజంగానా? చూడొచ్చా?"

చూపించింది. ఆయన టార్చి వేసి, పగులు పొడుగునా కళ్లు నడిపించి, తల పంకించారు. మనిషి మనసు కరిగిందనుకుంది డోలీనా.

"ఎంత అందమైన పగులు," అన్నారాయన, ఫోను తీస్తూ.

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. అయితే ఈ పిల్లి మర్యాదస్తుడు. ప్రతి ముద్దకీ థాంక్స్ చెప్తాడు. అలాంటివాణ్ని తిట్టడానికి కూడా నోరు రాదు.

శుక్రవారం ఇంకా సరిగ్గా వెలుతురు రాకముందే డోలీనా ఒంటరిగా ఒడ్డుకి వెళ్లింది. అటూ ఇటూ చూసింది. మనిషి లేడు. పైరాయిని రెండు వేళ్లతో ఎత్తింది. కోడిగుడ్డంత. మిగతా నాలుగూ తియ్యడానికి అరనిమిషం పట్టదు. రాత్రి గాలికి పడిపోయాయంటే లండన్ ఆయన నమ్ముతాడు. ఊరు కూడా నమ్మినట్టే ఉంటుంది. ఉత్తరపు కొసన నార్మన్ దుంగ మాత్రం ఆ మసకలో నల్లగా, నోరెత్తకుండా పడుంది. డోలీనా కాసేపు దాన్ని చూసి, రాయిని మళ్లీ దాని చోట పెట్టింది. అది సరిగ్గా నిలబడక జారబోతే, ఇంకొంచెం జరిపి, జాస్పర్ గారి కంటే గట్టిగా నిలబెట్టి ఇంటికొచ్చింది.

పదింటికి పోస్టు డబ్బా దగ్గర టోర్కిల్ కనపడ్డాడు. గ్రినబోస్ట్‌లో ప్రతి కిటికీలోనూ ఒక బైనాక్యులర్ ఉంటుంది, పక్షుల్ని చూడ్డానికి. పక్షుల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు.

"పొద్దున్నే రాయి బరువు చూశావట."

"చూశాను బాబాయ్. తేలికే."

"మళ్లీ పెట్టావట."

"పెట్టాను."

టోర్కిల్ ఉత్తరం డబ్బాలో వేసి, అది పడిన చప్పుడు విని, కాసేపు అక్కడే నిలబడ్డాడు. "మన చట్టంలో మనుషుల సంగతే చెప్పారు," అన్నాడు చివరికి. "పశువుల గురించి ఎక్కడా లేదు. రేపు పొద్దున బిషప్‌ని కాస్త సముద్రపు గాలికి తిప్పుదామనుకుంటున్నా."

బిషప్ అతని పొట్టేలు. ఆ ఊరి చర్చికి బిషప్పులంటే గిట్టదు గనక పొట్టేలుకి ఆ పేరు పెట్టడానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. దానికి ఒళ్లంతా దురద. కంచె స్తంభాలు మూడు ఇప్పటికే అది రుద్దుకున్న రుద్దుడికి ఒరిగాయి.

*

శనివారం పదకొండింటికి ఊరు ఊరంతా ఒడ్డుకి నడకకి వచ్చింది. చలికి ముక్కులు ఊడిపోతున్నా ఎవరికీ ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. అందరూ సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు. దుంగ వైపు ఎవరూ చూడటం లేదు. అంతమంది ఒకేసారి ఒకదాన్ని చూడకుండా ఉండటం అక్కడ అంతకుముందు ఎన్నడూ జరగలేదు. టోర్కిల్ దాణా సంచి దుంగ పక్కన పెట్టి, బూటు లేసు కట్టుకుని, సంచి మర్చిపోయి వచ్చేశాడు. సంచి మూతి ఎలాగో విప్పి ఉంది.

"బాబాయ్, మీ సంచి," అన్నాడు ఫిన్లే.

"నోరుముయ్యరా."

బిషప్ వచ్చింది. దాణా తింది. జనాన్ని ఓసారి చూసింది. తర్వాత దుంగకి తన ఎడమ డొక్క ఆనించి, కళ్లు అరమూసి, రుద్దుకోవడం మొదలెట్టింది. దుంగ ఊగింది. ఐదో రాయి పడింది. నాలుగోది పడింది. మూడోది, రెండోది కలిసి పడ్డాయి. ఒడ్డున ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. అంతలో బిషప్‌కి దురద తీరింది. అది ఇంకో గుప్పెడు దాణా నమిలి, తీరిగ్గా గట్టు ఎక్కి వెళ్లిపోయింది.

దుంగ మీద ఒక్క రాయి మిగిలింది. చదునుగా, బరువుగా, దుంగకి సరిగ్గా నడిమధ్యలో.



"ఐదున్నప్పుడు కనీసం ఆట అనొచ్చు," అన్నాడు టోర్కిల్ మెల్లగా. "ఇప్పుడు చూస్తే మన తాతలు పెట్టినట్టే ఉంది."

"ఇంకో పొట్టేల్ని తెస్తే?" అన్నాడు ఫిన్లే.

"ఆ రాయి కదలాలంటే ఏనుగు కావాలి."

డోలీనా జేబులో చెయ్యి పెట్టుకుని, నల్లరాయి పట్టుకుని నిలబడింది. గురువారం నుంచి అది ఆ జేబులోనే ఉండి ఒంటి వేడికి గోరువెచ్చగా అయింది. మధ్యాహ్నం మూడున్నరకి చీకటి పడుతుంది. మగ్గం విప్పి ముక్కలుగా ఇంట్లోకి మోయించాలేమో, సగం నేసిన పడుగు కోసెయ్యాలేమో అని లెక్కలు వేసుకుంటోంది. ఆ మగ్గం కొట్టంలోనే బిగించినది. విప్పితే మళ్లీ బిగించగల మనిషి పోయిన ఆమె భర్త ఒక్కడే.

జాస్పర్ గారు అప్పుడు నిద్రలేచి, టీ తాగి, కెమెరాతో దిగి వచ్చారు. దుంగని చూసి ఆగిపోయారు. పడ్డ రాళ్లు ఏరి మళ్లీ నిలబెట్టబోయారు. రాళ్లు తడిసి ఉన్నాయి, వేళ్లు కొంకర్లు పోయాయి. రెండు పెడితే ఒకటి జారింది. మూడు పెడితే మూడూ జారాయి. ఊరంతా సముద్రాన్ని చూస్తూనే ఉంది.

"ఎవరు చేశారిది?" అన్నారాయన.

"బిషప్," అన్నాడు టోర్కిల్. అది అబద్ధం కాదు.

"మతంవాళ్లు ఎక్కడైనా ఇంతే," అన్నారు జాస్పర్ గారు బాధగా. టోర్కిల్ చర్చి పెద్ద అయినా ఆ మాటకి తల ఊపాడు.

ఆయన దుంగ మీద మిగిలిన రాయిని అటునుంచీ ఇటునుంచీ కెమెరాలోంచి చూశారు. దించారు. "ఇదేముంది. చెక్క మీద రాయి. దీనికేం అర్థం లేదు."

డోలీనా అప్పుడు నోరు తెరిచింది. "లేదు. ఒక్క రాయికి ఏముంటుంది చెప్పండి."

"సోమవారం వీడియో తీసినా ఎవడు చూస్తాడు?"

"ఎవరూ చూడరు జాస్పర్ గారూ. మీరు ఊరికే తడుస్తారు."

ఆయన నిట్టూర్చారు. "గుర్తుగా ఇదైనా తీసుకెళ్తాను," అంటూ రెండు చేతులతో రాయి ఎత్తి, కోటు లోపలి పెద్ద జేబులో వేసుకోవడానికి తంటాలు పడ్డారు. ఆ రాయి జేబులో దిగే లోపల డోలీనా నల్లరాయి దుంగ మీద ఉంది. ఆమె నడిచిందో ఎగిరిందో చూసినవాళ్లు లేరు. అందరూ సముద్రాన్నే చూస్తున్నారు కదా.

టోర్కిల్ వాచీ చూసుకున్నాడు. "పదకొండూ యాభై. ఇది డోలీనా దుంగ."

అందరూ ఫిన్లే వైపు తిరిగారు. ఫిన్లే అలవాటు కొద్దీ నోరు తెరిచాడు.

"రేపు..."

"రేపు ఆదివారం," అంది డోలీనా.

అతను నోరు మూసుకుని తాడు తీశాడు. పుట్టి యాభై మూడేళ్లకి మొదటిసారి అతనికి రేపు లేకుండా పోయింది.

ఎనిమిది మంది మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు దుంగని భుజాన వేసి కొట్టం కొప్పుకి ఎక్కించారు. వాసాలు సరిచేసి, రేకులు దించి, తాళ్లతో రాళ్లకి కట్టి, రాత్రి తొమ్మిదింటికి చివరి మేకు కొట్టారు. ఆదివారం మొదలవడానికి ఇంకా మూడు గంటలుంది. జాస్పర్ గారు కూడా సాయం చేశారు. దీపం పట్టుకున్నారు. వెలుతురు ఎక్కువగా ఆయన మీదే పడింది గానీ, అడిగినప్పుడల్లా ఇటు తిప్పారు. ఈ పని ఇంత తొందరగా ఎందుకు చేస్తున్నారని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. పల్లెటూళ్లలో ఏదో ఒకటి చేస్తూనే ఉంటారని ఆయన నమ్మకం.

*

సోమవారం పొద్దున తుఫాను వచ్చింది.

ఇంట్లో పొగగొట్టం లోంచి పొగ వెనక్కి తన్నడంతో ఇద్దరూ కొట్టంలో చేరారు. డోలీనా మగ్గం మీద కూర్చుంది. జాస్పర్ గారు మూలన ఉన్న చేతుల కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. ఆ కుర్చీ డోలీనా భర్తది. ఊళ్లో అంత మెత్తటి కుర్చీ ఇంకోటి లేదు. పైన రేకులు పళ్లు కొరుకుతున్నాయి. దూలం ఒక్కసారి మూలిగి, సర్దుకుని, ఆ తర్వాత మాట్లాడలేదు.

కెమెరా ఆయన ఒళ్లో ఉంది. మూత తియ్యలేదు.

"మీరు ఒడ్డుకి వెళ్తారనుకున్నాను," అంది డోలీనా, నాడె అటునుంచి ఇటు పరుగెత్తుతుండగా.

"కాస్త తగ్గాక." ఆయన గొంతు దుప్పట్లోంచి వచ్చింది. "ఇది ఇంకా ఎంతసేపుంటుంది, ఈ తుఫాను?"

"ఇదింకా గాలేనండీ. తుఫాను వచ్చినప్పుడు చెప్తాను."

ఆయన దుప్పటి ఇంకాస్త పైకి లాక్కున్నారు. జేబులో రాయి పక్కటెముకలకి గుచ్చుకుంటున్నట్టుంది, కాసేపటికి దాన్ని తీసి ఒళ్లో పెట్టుకున్నారు. పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండటం మంచిదే.

ఓడ గురువారం దాకా నడవలేదు. తుఫాను కోసం మూడు రాత్రులకని బయలుదేరిన మనిషి ఏడు రాత్రులున్నారు. చివరి నాలుగింట్లో ఒక్క ఫోటో తియ్యలేదు. గురువారం పొద్దున బస్సు హారన్ వినపడగానే, మళ్లీ గాలి లేస్తుందేమోనన్న భయంతో, సంచి భుజాన వేసుకుని పరుగెత్తారు. వెళ్లేముందు కుర్చీలోంచి లేస్తూ, చేతిలో ఉన్నదాన్ని అక్కడే పెట్టేశారు.

డోలీనా కొట్టంలోకి వచ్చేసరికి కుర్చీ మధ్యలో రాయి ఉంది. చదునుగా, బరువుగా.

ఆమె గుమ్మంలోంచి అరిచింది. బస్సు మలుపు తిరిగిపోయింది.

సాయంత్రం టోర్కిల్ టీకి వచ్చి, చూసి, తలుపు పక్కన నిలబడే కప్పు అందుకున్నాడు.

"పెట్టినవాడే తియ్యాలి. ఉత్తరం రాసి చూడు అమ్మాయ్," అన్నాడు.

రాసింది. జవాబు వచ్చింది. ఆ రాయి అక్కడే మరిచిపోయినందుకు చాలా బాధపడుతున్నాననీ, వచ్చే చలికాలం తప్పకుండా వచ్చి తీసుకుంటాననీ రాశారు జాస్పర్ గారు. ఇది జరిగి నాలుగు చలికాలాలైంది. కొట్టం మీద దూలం చెక్కుచెదరలేదు. డోలీనా రోజూ మగ్గం తొక్కి, నడుం పట్టేస్తే లేచి, మూలనున్న మెత్తటి కుర్చీని ఓసారి చూసి, చెక్కపెట్టె మీద కూర్చుంటుంది.